యాలన్ అమ్మమ్మ ఫోటో

"ఈ పాండా ఎవరిది?"

జెర్రీ కంప్యూటర్ మీంచి తల ఎత్తాడు. ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసే చైనా అమ్మాయి అతని టేబుల్ ముందు నిలబడి ఉంది. చేతిలో ఒక కాగితం. అతను పొద్దున్నే ప్రింట్ తీసి నోటీసు బోర్డుకి అంటించిన బ్యానరు నమూనా అది. పైన ఎర్రటి అక్షరాల్లో చైనా అన్న పేరు, కింద కొండల మీద పెద్ద గోడ, గోడ ముందు కూర్చుని వెదురు నములుతున్న పాండా.

"మీదే," అన్నాడు జెర్రీ. "అంటే, మీ దేశానిది."

"నేను పాండాని ఎప్పుడూ చూడలేదు. ఆ గోడనీ చూడలేదు. మా ఊరికీ ఆ గోడకీ ఎంత దూరమో తెలుసా?"

"తెలీదు."

"నాకూ తెలీదు. అంత దూరం."

జెర్రీకి నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"ఇండియా బ్యానరు మీద ఏం పెట్టారు?"

"తాజ్‌మహల్."

"చూశారా?"

"లేదు. అటువైపు రైలు కూడా ఎక్కలేదు."

"అయితే మీదీ మార్చండి," అని కాగితం అతని కీబోర్డు మీద పెట్టి వెళ్ళిపోయింది.

దోహాలో వెస్ట్ బే టవర్లలో ఒకదాని పద్దెనిమిదో అంతస్తులో ఉంది వాళ్ళ డిజైన్ కంపెనీ. జెర్రీది పాలకొల్లు దగ్గర పోడూరు. ఇక్కడ డాక్యుమెంట్ కంట్రోలర్‌గా చేరి మూడేళ్ళయింది. నవంబరు చివర్లో ఆఫీసులో 'కల్చర్ డే' చేస్తున్నారు, దేశానికో బ్యానరు పెట్టాలి. ఫోటోషాప్ వచ్చు కదా అని అడ్మిన్ మేనేజరు సుధాకరరావు ఆ పని జెర్రీ నెత్తిన వేశాడు. ఆఫీసులో చైనా నుంచి వచ్చింది ఆమె ఒక్కతే. పేరు లిన్ యాలన్.

మర్నాడు లంచ్ టైములో జెర్రీ పాంట్రీలో ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఉన్నది ఇంగ్లీషే. ఆమెది చిన్న చిన్న వాక్యాల ఇంగ్లీషు, ఒక్క మాటా వృథాగా పోదు. జెర్రీది గోదావరి యాసలో సాగే ఇంగ్లీషు.

"పాండాని తీసేశాను. ఇప్పుడక్కడ ఏం పెట్టాలో చెప్పండి."

ఆమె టిష్యూ పేపరు మీద పెన్నుతో పియర్ పండులాంటి బొమ్మ గీసింది. "హైనాన్. దక్షిణాన సముద్రంలో ఉన్న ద్వీపం. మాది అక్కడ. ఈ మధ్యలో కొండలు. కొండల్లో మా అమ్మ వాళ్ళు, లీ జాతి. మూడు వేల ఏళ్ళ కిందట సముద్రం దాటి వచ్చారంటారు."

"అంటే వాళ్ళదే ద్వీపం."

"ముందొచ్చినవాళ్ళది. తర్వాత చాలామంది వచ్చారు. వచ్చినకొద్దీ మా వాళ్ళు తీరం వదిలి పైకి, ఇంకా పైకి వెళ్ళారు." పెన్నుతో ఒడ్డు నుంచి కొండల వైపు ఒక గీత లాగింది. "ఇటు నుంచి ఫూజియన్ జాలర్లు, వ్యాపారులు. అటు నుంచి మియావ్ జాతి. వాళ్ళని ఐదు వందల ఏళ్ళ కిందట చక్రవర్తి సైనికులుగా తెచ్చి దింపాడు. యుద్ధం అయిపోయింది, వాళ్ళని వెనక్కి తీసుకెళ్ళడం మర్చిపోయాడు."

జెర్రీ పెదవి కొరుక్కున్నాడు.

"ఎందుకు నవ్వు?"

"మియావ్ అంటే మా దగ్గర..."

"పిల్లి. మా దగ్గరా అంతే అరుస్తుంది. నవ్వడం అయిందా?"

"అయింది. చెప్పండి."

"ఈ దక్షిణపు ఒడ్డున ఉత్సుల్‌లు. ముస్లిములు. వెయ్యేళ్ళ కిందట చంపా రాజ్యం నుంచి పడవల్లో పారిపోయి వచ్చారు."

"చంపా? అది మా పేరులా ఉందే!"

యాలన్ మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. "అవును. మీ వైపు నుంచి వెళ్ళిన పేరే. ఇప్పుడు ఆ రాజ్యం లేదు. వియత్నాంలో కలిసిపోయింది. ఆ మాటలు మాత్రం మా ద్వీపంలో రెండు ఊళ్ళలో ఇంకా మాట్లాడుతున్నారు."

"మరి మీ నాన్నగారు?"

"ఆయన వాళ్ళు అందరికంటే ఆఖర్న వచ్చారు. మా తాత పుట్టింది జావాలో. 1960లో అక్కడ చైనావాళ్ళకి బతుకు కష్టమైతే ఓడలు పెట్టి తీసుకొచ్చారు. మా ద్వీపంలో దింపి, కాఫీ తోటల్లో పని ఇచ్చారు. అప్పటికి ఆయనకి పదహారేళ్ళు. మా వాళ్ళ భాష ఒక్క ముక్క రాదు."

జెర్రీ టిష్యూ పేపరు తన వైపు తిప్పుకున్నాడు. నాలుగు వైపుల నుంచీ బాణాలు. "ఇదే వేద్దాం," అన్నాడు. "గోడా వద్దు, పాండా వద్దు. ఈ బాణాలు."

ఆమె నవ్వింది. నవ్వితే కళ్ళు రెండూ సన్నటి గీతలైపోయాయి. ఆ మధ్యాహ్నం జెర్రీ మూడు డ్రాయింగులని తప్పుడు నంబర్లతో రిజిస్టర్ చేశాడు.

తర్వాతి మూడు వారాలూ లంచ్ అంటే ఇద్దరికీ ఆ బ్యానరే. మొదటివారంలోనే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. బట్ట ప్రింట్ చేసే షాపు అల్ రయ్యాన్‌లో ఉంటే, కంపెనీ వ్యాను నడిపే పోశన్న వాళ్ళని రెండుసార్లు తీసుకెళ్ళాడు. పోశన్నది జగిత్యాల వైపు. గల్ఫ్‌కొచ్చి పద్దెనిమిదేళ్ళు. యాలన్ అన్న పేరు అతని నోట యాలకులైపోయింది.

"యాలకుల మేడమ్ ఎక్కిందా తమ్మీ? యల్లా, పోదమా?"

"ఏమంటున్నాడు?" అని అడిగింది యాలన్.

"నీ పేరు కరక్ టీలో వేస్తారంటున్నాడు."

ఆమె అద్దంలోంచి పోశన్నని చూసి, "మాఫీ టీ, మాఫీ పేరు," అంది. ఇక్కడి అరబ్బీలో, టీ లేకపోతే పేరూ లేదని. పోశన్న స్టీరింగ్ మీద కొట్టి నవ్వాడు. వెంటనే వ్యాను యాలకుల టీ అమ్మే కరక్ షాపు ముందు ఆపాడు.

అక్కడ, కాగితం కప్పులు పట్టుకుని నిలబడి ఉండగా, యాలన్ ఫోన్లో ఒక ఫోటో తెరిచి చూపించింది. నేల మీద కాళ్ళు చాపుకుని, పాదాలతో కర్రని తన్నిపట్టి బట్ట నేస్తున్న ముసలావిడ. చెంపల మీద, గడ్డం మీద, మెడ దాకా దిగిన నీలం గీతలు.

"మా అమ్మమ్మ. పదమూడో ఏట ముళ్ళతో పొడిచారు. ఏ ఊరి గీతలు ఆ ఊరివి. ఇవి లేకపోతే చనిపోయాక పెద్దలు గుర్తుపట్టరని వాళ్ళ నమ్మకం. మా ఊళ్ళో ఇంకెవరికీ లేవు. ఈమే ఆఖరు."

జెర్రీ చాలాసేపు చూశాడు. "చాలా బాగుంది," అన్నాడు.

ఆమె ఏదో ఆలోచించి ఆ ఫోటోని అతని వాట్సాప్‌కి పంపింది. "నీకు," అంది.

కల్చర్ డే ముందురోజు ఫైనల్ ఫైలు షాపుకి పంపుతూ జెర్రీ ఆగాడు. బ్యానరు మధ్యలో, కొండలు ఉండాల్సిన చోట ఖాళీగా కనిపించింది. బాణాలన్నీ వచ్చి ఆ ఖాళీ దగ్గర ఆగిపోతున్నాయి. ఫోన్ తీశాడు. పొద్దున్న యాలన్ వచ్చి చూసేటప్పుడు ఆమె కళ్ళు ఎలా అవుతాయో ఊహించుకున్నాడు. అడుగుదామన్న ఆలోచన కూడా వచ్చింది. అడిగితే సర్‌ప్రైజ్ ఏముంటుంది అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నుంచీ వాన. దోహాలో ఏడాదికి రెండు మూడుసార్లు కురిసే వాన, ఊరికే కురవదు. రోడ్లు చెరువులైపోయాయి. సగంమంది లేటుగా వచ్చారు. యాలన్ కూడా లేటుగానే వచ్చింది. అమ్మమ్మ నేసిన లంగా కట్టుకుని వచ్చింది, నల్లటి బట్ట మీద ఎరుపు, పసుపు బొమ్మలు.

హాల్లో పదడుగుల బ్యానరు ముందు గుంపుగా జనం ఉన్నారు. ద్వీపం మధ్యలో అమ్మమ్మ ముఖం మనిషి ఎత్తున నిలబడి ఉంది. ఒకతను బాల్‌పెన్నుతో తన చెంపల మీద గీతలు గీసుకుని, ఆ ముఖం పక్కన నాలుక బయటపెట్టి సెల్ఫీ తీసుకుంటున్నాడు. మిగతావాళ్ళు నవ్వుతున్నారు. పెన్ను చేతులు మారుతోంది.

జెర్రీ ఆమె దగ్గరికి వచ్చేలోపే ఆమె చూసేసింది.

"జెర్రీ, ఆ ఫోటో పంపినప్పుడు నేనేమన్నాను?"

"'నీకు' అన్నావు."

"'నీకు' అన్నాను. అందరికీ అనలేదు." ఆమె గొంతు పెంచలేదు. "మా ఊరికి టూరిస్టు బస్సులు వచ్చేవి. మా అమ్మమ్మ గడ్డం పట్టుకుని, వెలుగు వైపు తిప్పి ఫోటో తీసుకునేవాళ్ళు. అడిగేవాళ్ళు కాదు. అందుకని ఆమె బస్సు చప్పుడు వినగానే లోపలికి వెళ్ళి తలుపేసుకునేది. ఇక్కడ ఆమెకి తలుపు కూడా లేదు."

లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్ల వైపు నడిచింది.

జెర్రీ బ్యానరు దించేశాడు. ఏంటయ్యా, ఇంకా చీఫ్ గెస్ట్ రాలేదు అని సుధాకరరావు అరుస్తున్నా వినిపించుకోలేదు. దాన్ని చుట్టుకుని కిందికి వచ్చేసరికి పోశన్న వ్యాను దగ్గర గొడుగుతో నిలబడి ఉన్నాడు.

"ఏం జేసినవ్ తమ్మీ? గా పిల్ల వాన్ల తడుసుకుంట పోయింది. ఎక్కుమంటె ఎక్కలే. ఎన్నడన్న నా మాట కాదన్నదా?"

జెర్రీ చెప్పాడు. "గట్లెట్ల జేస్తవ్ రా," అన్నాడు పోశన్న. అతను జెర్రీని 'రా' అనడం అదే మొదలు.

నాలుగో రోజు యాలన్ సీటు ఖాళీగా ఉంది. అమ్మమ్మకి బాగా లేదని ఫోన్ వస్తే ఎమర్జెన్సీ లీవు పెట్టి చైనాలోని గ్వాంగ్‌జౌకి ఫ్లైటు ఎక్కిందని ప్లానింగ్ సెక్షన్‌లో చెప్పారు. జెర్రీ మెసేజ్ టైప్ చేసి చెరిపాడు. మళ్ళీ టైప్ చేశాడు. చివరికి, 'తప్పు నాది. జవాబు ఇవ్వక్కర్లేదు,' అని పంపాడు. ఒకటే టిక్కు పడింది. ఆమె దేశంలో వాట్సాప్ పనిచేయదని అతనికి తర్వాత గుర్తొచ్చింది.

ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చిలో ఆరాధన అయ్యాక ఉమ్ ఘువైలినాలోని తన రూముకి వచ్చి, మామ్మకి వీడియో కాల్ చేశాడు. కరుణమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. పాలకొల్లులో కూతురింట్లో ఉంటుంది. గడ్డం మీద మూడు చుక్కలు, ముంజేతుల మీద ఆకుపచ్చ తీగలు, చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్లు. ఫోన్ ఎప్పుడూ గడ్డానికి దగ్గరగా పెట్టుకుంటుంది కాబట్టి జెర్రీకి ముందు కనిపించేవి ఆ చుక్కలే. ఈ రోజు వాటిని చూడలేకపోయాడు. జరిగిందంతా చెప్పేశాడు.

"ఫోటో ఇచ్చిందని మొకం ఇచ్చేసినట్టా ఏరా?" అంది కరుణమ్మ. "నాకు పెళ్ళైన కొత్తలో చర్చి కాడికి ఎవరో కెమెరా పట్టుకుని వచ్చేడు. ఈ చుక్కలు చూసి, నన్ను గోడకి నిలబెట్టి తీసుకుని పోయేడు. నవ్వమన్నాడు. నవ్వేను. ఆ ఫోటో ఎక్కడుందో, ఎవరి గోడ మీద ఉందో నాకు తెలీదు. ఇన్నేళ్ళయింది, ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు అదోలాగ అవుద్ది."

"నాకెప్పుడూ చెప్పలేదేం మామ్మా?"

"నువ్వు అడిగేవా?" అంది. "ఆ బట్ట ఏం చేసేవు?"

"మంచం కింద ఉంది."

"తీసి, శుభ్రంగా మడతపెట్టు. పారేయకు. ఎవరిదో వాళ్ళకి అప్పజెప్పు. జనం ఫోన్లలో ఉన్నవన్నీ తీసేయించు. నువ్వే తిరగాలి."

జెర్రీ తిరిగాడు. ఆఫీసులో అరవై మందికి పైనే ఉన్నారు. ఒక్కొక్కరి టేబుల్ దగ్గరికి వెళ్ళి, ఫోన్లో ఆ ఫోటో ఉంటే తీసేయమని అడిగాడు. కొందరు వెంటనే తీసేశారు. కొందరు ఎందుకని అడిగారు, చెప్పాడు. బాల్‌పెన్ను గీతల అతను ఎగతాళి చేశాడు. నాలుగు రోజులు వరసగా వెళ్ళి అతని పక్కన ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు జెర్రీ. ఐదో రోజు అతనే ఫోన్ తీసి, జెర్రీ చూస్తుండగా తీసేశాడు. కంపెనీ పేజీలో దాన్ని పెట్టిన సుధాకరరావు మాత్రం, "దానికే ఎక్కువ లైకులొచ్చాయయ్యా," అన్నాడు.

"ఆ ఫోటోలోని ముసలావిడ చావుబతుకుల్లో ఉంది సార్. అడగకుండా తీసుకున్నది నేనే. ఆ తప్పు నన్ను దిద్దుకోనివ్వండి."

సుధాకరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సాయంత్రానికి ఆ పోస్టు లేదు.

ఆ వారంలోనే తెలిసింది, యాలన్ అమ్మమ్మ పోయిందని.

యాలన్ జనవరి మొదట్లో తిరిగి వచ్చింది. చిక్కిపోయింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. జెర్రీని చూసి తల ఊపింది, అంతే. పది రోజులు అలాగే గడిచాయి. పదకొండో రోజు ఆమే అతని టేబుల్ దగ్గరికి వచ్చింది.

"అందరి దగ్గరికీ తిరిగి ఫోన్లలో ఆ ఫోటో తీసేయించావని పోశన్న చెప్పాడు. ఆయన హిందీ నాకు సగమే అర్థమైంది. నిజమేనా?"

"నిజమే. ఇంకొకటి నా దగ్గరుంది. నీకివ్వాలి."

శుక్రవారం మధ్యాహ్నం సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు మీద కలుసుకుని, ఒక బెంచీ మీద కూర్చున్నారు. దుమ్ము గాలి. ఎదురుగా టవర్లు మసకగా కనిపిస్తున్నాయి. నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. జెర్రీ తెల్లటి దుప్పటిలో మడతపెట్టిన బట్టని ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె విప్పలేదు. రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది.

"నేను వెళ్ళేసరికి బతికే ఉంది," అంది. "రెండు రోజులు ఉంది. కానీ నేనెవరో తెలీలేదు. ఏ ఇంటి పిల్లవి, అని అడిగింది. ఇంటికి వెళ్ళడం మూడేళ్ళు వాయిదా వేశాను జెర్రీ. ఈ సబ్మిషన్ అయ్యాక, ఈ ప్రాజెక్టు అయ్యాక. పేరు చెప్పాను. మంచి పేరు అంది. కాసేపాగి మళ్ళీ అడిగింది, ఏ ఇంటి పిల్లవి అని."

దుమ్ము గాలి ఆమెకి తగలకుండా జెర్రీ కాస్త జరిగి కూర్చున్నాడు.

"ఇంకొకటి చెప్తాను. ఎవరికీ చెప్పలేదు. నాకు పన్నెండేళ్ళప్పుడు స్కూలుకి అన్నం తెచ్చింది. మిగతా పిల్లలు ఆ గీతల ముఖం చూస్తారని, గేటు బయటే ఉండమన్నాను. ఇంకెప్పుడూ రావద్దన్నాను. మళ్ళీ రాలేదు. నువ్వేమో ఆమె ముఖాన్ని ఆరడుగులు చేసి అందరి ముందూ నిలబెట్టావు. ఆ రోజు నాకు కోపం ఎవరి మీదో నాకే తెలీలేదు."

"దాంతో నా తప్పు తగ్గిపోదు."

"తగ్గదు," అంది యాలన్. కళ్ళు తుడుచుకుంది. "కానీ నువ్వు తిరిగావు. నేను తిరిగి వెళ్ళలేదు."

గాలికి దుప్పటి అంచు లేస్తుంటే జెర్రీ చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఆమె చేతి పక్కనే.

"యాలన్, నువ్వంటే నాకిష్టం. ఇప్పుడు చెప్పకూడదేమో. కానీ నేను కూడా వాయిదా వేస్తే..."

"తెలుసు. పోశన్నకి నీకంటే ముందే తెలుసు." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నాకూ ఇష్టమే. ఆ వాన రోజు కూడా ఇష్టమే, అందుకే అంత ఏడుపొచ్చింది. కానీ మార్చిలో నా కాంట్రాక్టు అయిపోతుంది. నాన్న ఎప్పుడో పోయాడు, ఇప్పుడు అమ్మమ్మా లేదు. అమ్మ ఒంటరిగా ఉంది, వచ్చేయమంటోంది. నీ గురించి చెప్పాను."

"ఏమన్నారు?"

"మా తాత జావాలో ఓడ ఎక్కేటప్పుడు వాళ్ళమ్మ ఒడ్డునే ఉండిపోయింది. మళ్ళీ చూడలేదు. ఆయన చివరి రోజుల్లో ఆవిడని పిలిచేవాడు, మాకెవరికీ రాని భాషలో. అదంతా పక్కనుండి చూసింది మా అమ్మ. సముద్రం దాటే మనిషి కోసం ఎదురుచూడ్డం నావల్ల కాదు, అంది. ఆ అబ్బాయిని వచ్చి నా ఎదురుగా కూర్చుని అన్నం తినమను, అప్పుడు చెప్తాను, అంది."

"వస్తాను. మేలో నాకు ముప్పై రోజుల లీవుంది."

అన్నాక, ఆ లీవు ఎవరిదో గుర్తొచ్చి జెర్రీ ఆగిపోయాడు. ఇంటికి వెళ్ళి రెండేళ్ళయింది. మామ్మ ఆ మే నెల కోసమే చూస్తోంది. అక్కడే, ఆ బెంచీ మీంచే మామ్మకి వీడియో కాల్ చేశాడు.

"మామ్మా, మేలో నేను రాలేనేమో. ఆ అమ్మాయి వాళ్ళమ్మని కలవాలి. చైనా వెళ్ళాలి."

ఫోన్లో మామ్మ గడ్డం మీది మూడు చుక్కలు కదలకుండా ఉన్నాయి. చాలాసేపటికి, "వెళ్ళు నాన్నా. నేనెక్కడికి పోతాను," అంది కరుణమ్మ.

యాలన్‌కి మాటలు అర్థం కాలేదు కానీ, మధ్యలో వచ్చిన ఆ నిశ్శబ్దం అర్థమైంది. "ఏమన్నారు?"

జెర్రీ చెప్పాడు.

"మా అమ్మమ్మ కూడా ప్రతిసారీ అదే అనేది." యాలన్ అతని చేతిని గట్టిగా పట్టుకుంది. "మొదట ఆవిడ దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను. పదిహేను రోజులు అక్కడ, పదిహేను రోజులు మా అమ్మ దగ్గర."

"నీకు వీసా..."

"వస్తే వస్తుంది. రాకపోతే నువ్వొక్కడివే వెళ్ళు. కానీ ముందు అక్కడికే. అమ్మకి నేను చెప్పుకుంటాను. ఆమె కాదనదు. ఈ విషయంలో కాదనలేదు."

జెర్రీ ఫోన్ వైపు తిరిగాడు. "మామ్మా, ముందు నీ దగ్గరికే వస్తున్నాం. వీసా దొరికితే ఇద్దరం."

కరుణమ్మ ఫోన్ని దూరంగా జరిపింది. మొదటిసారి ముఖం మొత్తం కనిపించింది. కళ్ళు చికిలించి, జెర్రీ పక్కన ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన ముఖాన్ని చూసింది. యాలన్ రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది, అచ్చం వ్యాను దగ్గర పోశన్న తనకి పెట్టినట్టు.

"మామ్మ చచ్చిపోయిన పిల్ల, ఏం తింటుందో ఏమో," అంది కరుణమ్మ. "చేపలు తింటాదా?"

"ద్వీపంలో పుట్టింది మామ్మా."

"అయితే తీసుకురా. ముళ్ళు నేను తీసి పెడతాను."